రెండు గళ్ల కుక్క

మీమ్‌గా నిలిచే కామిక్ స్ట్రిప్ గీయాలనుకునేవాళ్లకు నేను ముందు చూపించేది అమెరికా కార్టూనిస్ట్ కేసీ గ్రీన్ 2013లో గీసిన ఆరు గళ్ల (ఫ్రేముల) బొమ్మ. ఇల్లు తగలబడుతుంటే టోపీ పెట్టుకున్న కుక్క కాఫీ ముందు కూర్చుని ‘ఏం పర్లేదు’ అంటుంది. చివరి గళ్లో దాని మొహమే కరిగిపోతుంది. నాకిష్టం ఆ ముగింపే, జనం మాత్రం మొదటి రెండు గళ్లే కోసుకుని మీమ్‌గా వాడుకున్నారు.

అందుకే గీశాక మొదటి రెండు గళ్లు వదిలి మిగతావి చేత్తో మూసి చూడండి. పాత్ర పేరు, ముందు కథ తెలియకపోయినా నవ్వు రావాలి. మాట పొట్టిగా ఉండాలి. మంట దేనిదో మీరు చెప్పొద్దు; పరీక్షల టెన్షనో, ఎన్నికలో, చూసేవాళ్లే పెట్టుకుంటారు. 2016లో అమెరికా రిపబ్లికన్ పార్టీ కూడా ఆ కుక్కను ట్వీట్ చేసింది!

సంతకం అంచున వద్దు, కత్తిరించేస్తారు. బొమ్మకు ఆనించి, గడి లోపలే పెట్టండి.