మనసులోని ప్రశ్నలతోనే మళ్లీ ప్రార్థనకు కూర్చోవడం ఎలా?

విశ్వాసంలో చాలాకాలం నడిచినవారికి కూడా ఒక దశలో ప్రార్థన నోటికి రాదు. ఎన్నో నెలలు మోకరించి అడిగినది జరగకపోయినప్పుడో, నమ్మిన క్రైస్తవ సంఘంలోనే గాయపడినప్పుడో, చిన్ననాటి నుంచి విన్న మాటకూ కళ్లెదుట కనిపిస్తున్న జీవితానికీ పొంతన కుదరనప్పుడో ఆ స్థితి వస్తుంది. అప్పుడు చాలామంది ముందు సందేహాలు తీరాలి, ఆ తరువాతే ప్రార్థన అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను. నా బైబిలులోని ఎర్ర రిబ్బను ఆ ఏడాదంతా యిర్మీయా గ్రంథంలో ఒకే పుటలో ఉండిపోయి, తీసి చూస్తే కాగితం మీద దాని అచ్చు పడి ఉంది. ప్రశ్న తీరిన తరువాత ప్రార్థించడం కాదు, ప్రశ్ననే ప్రార్థనగా మార్చుకోవడం అవసరమని నాకు ఆలస్యంగా తెలిసింది. అది ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా రాయండి

ఒక నోటుపుస్తకం తీసుకుని, మనసును తొలుస్తున్న ప్రశ్నను మర్యాద కోసం మెత్తబరచకుండా రాయండి. "దేవుని చిత్తం నాకు అర్థం కావడం లేదు" అన్న వాక్యం భక్తిగా వినిపిస్తుంది కాని, అందులో మీ ప్రశ్న లేదు. "అమ్మ బ్రతకాలని అంతమందిమి ఉపవాసం ఉన్నాము, నీవు ఎందుకు వినలేదు?" అన్నదే అసలు ప్రశ్న. రాసిన తరువాత అది ఎక్కడి నుంచి వచ్చిందో నెమ్మదిగా చూడండి. కొన్ని ప్రశ్నలు తెలియనితనం నుంచి వస్తాయి. వాటికి చదువు, బోధ సహాయపడతాయి. కొన్ని గాయం నుంచి వస్తాయి. వాటికి ఎంత మంచి వాదన చెప్పినా మనసు ఊరడిల్లదు. మరికొన్నిటి వెనుక మనం ఒప్పుకోవడానికి ఇష్టపడని తప్పు దాగి ఉంటుంది. ఏది ఏదో గుర్తించకుండా అన్నిటికీ ఒకే మందు వేయడం వల్లే చాలామంది అలసిపోతారు.

తరువాత ఆ ప్రశ్నను దేవునితోనే చెప్పండి

దేవుని గురించి ఇతరులతో ప్రశ్నించడం వేరు, దేవుణ్ణే ప్రశ్నించడం వేరు. ప్రశ్నించడమే పాపమని చెప్పేవారు ఉన్నారు. నేను ఆ మాటను అంగీకరించలేను, ఎందుకంటే బైబిలు వాక్యమే అలా చెప్పడం లేదు. హబక్కూకు గ్రంథం, తాను మొఱ్ఱపెట్టినా దేవుడు ఎన్నాళ్లు ఆలకింపకుండా ఉంటాడన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు తన బాధలో ఎంతో కఠినంగా మాట్లాడినా, అతని గ్రంథం చివరి అధ్యాయంలో దేవుడు కోపించినది అతని మీద కాదు, దేవుని పక్షాన వాదించామనుకున్న అతని స్నేహితుల మీద. సిలువ మీద యేసు పలికినది కూడా, నా దేవా, నన్ను ఎందుకు విడిచిపెట్టావన్న ఒక ప్రశ్నే. అది బైబిలులోని కీర్తనల గ్రంథంలో 22వ కీర్తన మొదటి వచనం.

మాటలు దొరకనివారు 13వ కీర్తనను మాదిరిగా తీసుకోవచ్చు. ఆరు వచనాలే ఉన్న ఆ చిన్న కీర్తనలో మొదటి రెండు వచనాల నిండా "ఎన్నాళ్లు", "ఎంతవరకు" అన్న మొర ఉంటుంది. తరువాతి రెండింటిలో వినతి ఉంటుంది. చివరి రెండింటిలో నమ్మిక పలుకుతుంది. అదే వరుసలో మీ ప్రశ్నను ఒక పుటలో రాసి, తలుపు మూసుకుని గొంతు విప్పి చదవండి. చివరి భాగం రాయడానికి చేయి రాకపోతే బలవంతంగా రాయవద్దు. 88వ కీర్తన అలా నమ్మిక మాట లేకుండానే, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న వాక్యంతో ముగిసిపోతుంది, అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ప్రార్థనగా నిలిచి ఉంది.

శరీరాన్ని మరచిపోవద్దు

ప్రవక్త ఏలీయా ప్రాణభయంతో పారిపోయి బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దేవుడు అతనికి వెంటనే బోధ చేయలేదు. అతడు నిద్రపోయాడు, దూత అతన్ని తట్టి లేపి రొట్టె, నీళ్లు చూపించాడు, తిని మళ్లీ పడుకున్నాడు, రెండవసారి కూడా దూత లేపి తినమన్నాడు. "ఇక్కడ నీవేమి చేయుచున్నావు?" అన్న దేవుని ప్రశ్న అతడు హోరేబు కొండ చేరిన తరువాతే వచ్చింది. నిద్ర సరిగా లేని మనిషికి ఆత్మీయంగా ఎండిపోయినట్టు అనిపించడం సహజం. దిగులు వారాల తరబడి వదలకపోతే, బ్రతకాలని లేదన్న ఆలోచన వస్తే, వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. అది విశ్వాసలోపం కాదు.

చిన్నగా, వేళ తప్పకుండా మొదలుపెట్టండి

విరామం తరువాత మళ్లీ మొదలుపెట్టేవారు సాధారణంగా చేసే పొరపాటు, మొదటి రోజే గంట ప్రార్థన, పది అధ్యాయాల పఠనం అని తీర్మానించుకోవడం. నాలుగవ రోజుకు అది ఆగిపోతుంది, దానితో అపరాధభావం అదనంగా మిగులుతుంది. పది నిమిషాలు చాలు, అయితే రోజూ అదే వేళ, అదే చోటు కావాలి. మార్కు సువార్తలో పదహారు అధ్యాయాలే ఉన్నాయి. రోజుకు సగం అధ్యాయం చొప్పున చదివితే దాదాపు నెలలో పూర్తవుతుంది. ఆ భాగాన్ని రెండుసార్లు నెమ్మదిగా చదివి, మనసు ఆగిన ఒక్క మాట దగ్గర మీరూ ఆగండి. తొమ్మిదవ అధ్యాయంలో, దయ్యం పట్టిన కుమారుణ్ణి తీసుకొచ్చిన తండ్రి నమ్ముతున్నానని చెబుతూనే తన అపనమ్మకానికి సహాయం అడుగుతాడు. నేను వారం రోజులు ఆ ఒక్క వచనం దాటలేదు.

రాత్రి పడుకునే ముందు, ఆ దినంలో కృతజ్ఞత కలిగించినది ఏమిటి, దేవునికి దూరం చేసినది ఏమిటి అని రెండు నిమిషాలు తలచుకోండి. 16వ శతాబ్దంలో కాథలిక్ గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ఆత్మపరిశీలన పద్ధతికి ఇది చాలా సులభమైన రూపం. ఒక రోజు తప్పితే మరుసటి రోజు రెండింతలు చేయనక్కర లేదు; మామూలు పది నిమిషాలతోనే కొనసాగించండి.

ఒక్కరినైనా తోడు తీసుకోండి

యేసు తిరిగి లేచాడని తోటివారు చెప్పినప్పుడు, శిష్యుడైన తోమా తాను చూస్తేనే గాని నమ్మనని పట్టుబట్టాడు. అయినా ఎనిమిది దినాలైన తరువాత యేసు వచ్చినప్పుడు అతడు ఇతర శిష్యులతోనే ఆ ఇంట్లో ఉన్నాడు. వారు అతన్ని వెలివేయలేదు, అతడూ వారిని విడిచిపోలేదు. మీ ప్రశ్న పూర్తిగా వినకముందే వచనం అప్పగించేవారిని కాకుండా, మౌనంగా వినగలిగి, విన్నది బయట పెట్టని విశ్వాసిని ఎంచుకోండి. సంఘ కాపరితో (పాస్టరుతో) మాట్లాడాలనుకుంటే ఆరాధన ముగిసిన హడావిడిలో కాక విడిగా సమయం అడగండి, "నాకు ఈ రోజు జవాబు అక్కరలేదండి, ముందు వినండి చాలు" అని మొదటే చెప్పండి. గాయం సంఘం వల్లే అయితే, తిరిగి వెళ్లడానికి తొందరపడవద్దు. ఇద్దరు ముగ్గురు కూడుకునే చిన్న సహవాసంతో మొదలుపెట్టవచ్చు.

నెల గడిచిన తరువాత నోటుపుస్తకంలో ఆ మొదటి పుట తీసి చదవండి. కొన్ని ప్రశ్నలకు జవాబు దొరికి ఉంటుంది, కొన్ని రూపం మారి ఉంటాయి. మారకుండా అలాగే ఉన్న ప్రశ్నను కొట్టివేయకుండా, కొత్త పుటలో ఆ రోజు తేదీ వేసి మళ్లీ రాయండి, మరుసటి ఉదయపు ప్రార్థనను దానితోనే మొదలుపెట్టండి.