సైబర్ మోసం ఫిర్యాదు: ఎక్కడ ఆగుతోంది, ఎలా కదిలించాలి

సమస్య: ఖాతాలో డబ్బు పోయింది, పొద్దున్నే బ్రాంచికి వెళ్దామనుకుంటున్నారు

అప్పటికి ఆలస్యమైపోతుంది. రొయ్యల పట్టుబడి సొమ్మైనా, ధాన్యం డబ్బైనా, దొంగ నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు చీల్చి ఏటీఎంలో తీసేస్తాడు. నోట్లుగా బయటికొచ్చాక ఏ బ్యాంకూ ఆపలేదు. కాబట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్లి, అక్కడ మిగిలినంత నిలిపేస్తారు. తర్వాత మీ బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడా దొంగ నంబర్లుంటాయి. కార్డు వెనక ఉన్న నంబరే వాడండి. ఇంట్లో తిడతారని తెల్లారేదాకా దాచొద్దు, దయచేసి.

సమస్య: 1930కి చెప్పినా కదలిక లేదు

ఎక్కువగా లావాదేవీ నంబరు దగ్గరే తేడా వస్తుంది. ఫోన్‌పేలో టీ అక్షరంతో మొదలయ్యే పొడుగు నంబరు ఆ యాప్ సొంతది. బ్యాంకులు వెతికేది దాని కిందనుండే యూటీఆర్ అనే 12 అంకెల నంబరు. అయిదుసార్లు డబ్బు వెళ్తే యూటీఆర్‌లూ అయిదు. ఒక్కటి వదిలేసినా ఆ మొత్తం ఫిర్యాదులోకి ఎక్కదు. ప్రతిదానికీ తేదీ, సమయం, ఎంత డబ్బో కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి.

ఫోన్‌తో పని అయిపోలేదు. 24 గంటల్లో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంటు పెట్టి ఫిర్యాదు పూర్తిచేయాలి. అక్కడిచ్చే నంబరు ఎఫ్ఐఆర్ కాదు.

సమస్య: "మా పరిధి కాదు" అని స్టేషన్లో పంపేశారు

డబ్బు వేరే రాష్ట్రపు ఖాతాకు వెళ్లినా మీ దగ్గరి స్టేషన్లో, ఉదాహరణకు రాజోలులో, ఫిర్యాదు తీసుకోవాల్సిందే. నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం అది జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా రాసేది), నకలు ఉచితం. కాదంటే అదే ఫిర్యాదును రిజిస్టర్ పోస్టులో ఎస్పీకి పంపండి: కోనసీమవాళ్లు అమలాపురానికి, పశ్చిమ గోదావరివాళ్లు భీమవరానికి. పోస్టు రసీదు జాగ్రత్త.

సమస్య: ఓటీపీ రాలేదు, అయినా డబ్బు పోయింది

ఆధార్ వేలిముద్రతో తీసి ఉండొచ్చు. ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, మీ తప్పు, బ్యాంకు తప్పు లేని మోసాన్ని మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లో తెలిపితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, తెలిపేలోగా పోయింది మీదే. బ్యాంకుకు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

సమస్య: గల్ఫ్ ఏజెంటు, చీటీ నిర్వాహకుడు ముంచేశారు

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ సైటు ఈ-మైగ్రేట్‌లో చూడండి. లైసెన్సున్నవాళ్లు తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించితే అక్కడే ఫిర్యాదు చేయండి. లైసెన్సే లేకపోతే నేరుగా పోలీసులకు. రిజిస్టరైన చీటీ తగాదా చిట్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తుంది. రిజిస్టర్ కానిదైతే చీటీ పుస్తకం, పాట రోజు సంతకాల కాగితం తీసుకుని స్టేషన్‌కు వెళ్లండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులే ఇవ్వండి.