మిథైలేషన్ డేటా చేతికొచ్చిందా? టెస్టులు కొట్టే ముందు ఇవి చూసుకోండి

సిగరెట్ తాగేవాళ్ల రక్తంలో, తాగనివాళ్ల రక్తంలో డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు (డీఎన్ఏకి అతుక్కునే చిన్న రసాయన గుర్తులు, ఇవి పడటాన్నే మిథైలేషన్ అంటారు) ఎక్కడెక్కడ తేడాగా ఉన్నాయో కనిపెట్టాలి అనుకుందాం. ఈ గుర్తుల్ని కొలిచే ఇల్యుమినా కంపెనీ ఎపిక్ చిప్ మొదటి వెర్షన్ అయితే ఒక్కో శాంపిల్‌కి 8.5 లక్షల పైచిలుకు చోట్ల రీడింగ్ వస్తుంది.

స్టెప్ 1: చిప్ స్కానర్ ఇచ్చే ఐడాట్ ఫైల్స్‌ని ఆర్‌లో (స్టాటిస్టిక్స్‌కి వాడే ప్రోగ్రామింగ్ భాష) మిన్‌ఫి ప్యాకేజీతో ఓపెన్ చేయండి. డిటెక్షన్ పీ వాల్యూ (సిగ్నల్ నిజమైందా, ఉత్త నాయిసా అని చెప్పే అంకె) 0.01 దాటిన ప్రోబ్స్ (చిప్ మీద ఒక్కో చోటుని చదివే డీఎన్ఏ ముక్కలు), ఎస్ఎన్‌పీల (మనిషికీ మనిషికీ డీఎన్ఏ అక్షరం మారే చోట్ల) మీద పడేవి, ఒకటి కంటే ఎక్కువ చోట్ల అతుక్కునేవి తీసిపారేయండి. ఎక్స్, వై క్రోమోజోముల సిగ్నల్ బట్టి ఆడో మగో చూసి శాంపిల్ షీట్‌తో సరిపోల్చండి, ట్యూబులు తారుమారైతే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతాయి.

స్టెప్ 2: నార్మలైజ్ చేయండి, అంటే యంత్రం వల్ల వచ్చే తేడాలు సర్దడం. నాకైతే మిన్‌ఫిలోనే ఉండే నూబ్ పద్ధతితో పనైపోతుంది.

స్టెప్ 3: బీటా వాల్యూ 0 నుంచి 1 వరకు ఉంటుంది, 0.8 అంటే అక్కడ సుమారు 80 శాతం మిథైలేషన్ ఉన్నట్టు. జనానికి చెప్పడానికి బీటానే బాగుంటుంది గానీ రెండు చివర్ల దగ్గర వేరియన్స్ (రీడింగుల మధ్య చెదురు) నలిగిపోతుంది, అందుకే టెస్టులకి ఎమ్ వాల్యూ వాడతాం, అంటే బీటాని (1-బీటా)తో భాగించి లాగ్2 తీయడమే. 0.8 కాస్తా 2 అవుతుంది.

స్టెప్ 4: అసలు తలనొప్పి ఇదే. ఎపిక్ చిప్ ఒక్కోదాంట్లో 8 శాంపిల్స్ పడతాయి. ఒకసారి ఇంకో స్టడీలో నేను కేసులన్నీ (జబ్బున్నవాళ్లు) ఒక చిప్‌లో, కంట్రోల్స్ అన్నీ (జబ్బులేనివాళ్లు) ఇంకోదాంట్లో పెట్టించాను, తేడా జబ్బుదా చిప్‌దా అనేది చిప్పుల మధ్య తేడాలు సర్దే ఏ కాంబాట్ పద్ధతి వచ్చినా తేల్చలేదు, ఆ డేటా గంగలో కలిసినట్టే. కాబట్టి ల్యాబ్‌కి పంపేముందే రెండు గుంపుల శాంపిల్స్‌నీ చిప్పుల మధ్య కలగాపులగం చేసేయండి. ఇంకోటి, రక్తం అంటే రకరకాల కణాల మిశ్రమం, పొగతాగేవాళ్లలో తెల్లకణాల లెక్కే వేరుగా ఉంటుంది, ఆ తేడానే మిథైలేషన్ తేడా అనుకుని సంబరపడిపోతాం. 2012లో వచ్చిన హౌస్‌మన్ పద్ధతితో కణాల పాళ్లు అంచనా వేసి పెట్టుకోండి.

స్టెప్ 5: లిమ్మాలో (ఆర్‌లో ఒక్కో చోటుకి తేడా టెస్ట్ చేసే ప్యాకేజీ) మోడల్ రాయండి: పొగ అలవాటు, వయసు, ఆడా మగా, కణాల పాళ్లు, బ్యాచ్ (ఏ చిప్‌లో పడిందో). పీ 0.05 పెట్టుకుంటే ఏ తేడా లేకపోయినా 8.5 లక్షల్లో 5 శాతం, అంటే సుమారు 42,500 చోట్ల ఉత్తుత్తి హిట్లు వస్తాయి మరి, అందుకే బెంజమిని-హాక్‌బర్గ్ పద్ధతిలో ఎఫ్‌డీఆర్ (వచ్చిన హిట్లలో ఉత్తుత్తివి ఎంత శాతమో చెప్పే లెక్క) చూడండి.

చివర్లో ఏహెచ్ఆర్ఆర్ జీన్‌లో సీజీ05575921 అనే చోటుకి వెళ్లండి, పొగతాగేవాళ్లలో అక్కడ మిథైలేషన్ బాగా తగ్గుతుందని ఎన్నోసార్లు తేలింది. మీ డేటాలో తగ్గలేదా, ముందు శాంపిల్ షీట్ మళ్లీ తెరవండి.