విద్యార్థి స్వయంగా నేర్చుకొనేందుకు పాఠ్య ప్రణాళిక

పాఠ్య ప్రణాళికల్లో ఉపాధ్యాయులు ఏమి చెప్పాలో, ఏమి చూపాలో వివరంగా ఉంటుంది గాని, ఎక్కడ మాట్లాడటం ఆపాలో చాలావరకు ఉండదు. విద్యార్థి తనంతట తాను నేర్చుకోవాలంటే ప్రణాళికలో ముందుగా తేల్చుకోవలసింది అదే. పీరియడు ముగిసేసరికి విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా ఏ పని చేయగలగాలో ఒక్క వాక్యంలో రాసుకొని, అంతవరకు చేరడానికి ఏ దశలో ఎంత సాయం కావాలో చివరి నుంచి మొదటికి నిర్ణయించుకోవాలి. "భిన్నాల కూడికను అర్థం చేసుకుంటారు" అన్న లక్ష్యం ఇందుకు చాలదు. "హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాలను కూడి, జవాబు సబబో కాదో తామే సరిచూసుకుంటారు" అని రాసుకుంటే, చేయవలసిన పనీ, ఆ పని సరిగా జరిగిందో లేదో తేల్చవలసినవారూ స్పష్టమవుతారు.

బాధ్యతను ఇలా క్రమంగా విద్యార్థికి అప్పగించే పద్ధతిని పియర్సన్, గాలగర్ అనే పరిశోధకులు 1983లో ప్రతిపాదించారు. భిన్నాల పాఠంలో 1/2, 1/3 లను కూడే లెక్కను ఆలోచన పైకి వినిపించేలా పూర్తిగా చేసి చూపాలి. 2/3, 1/4 ల లెక్కలో ఉమ్మడి హారం 12 వరకు తెచ్చి మిగిలినది తరగతికి వదలాలి. 3/5, 1/4 లను ఏ సూచనా లేకుండా ఇవ్వాలి. ఈ మూడో లెక్కలో లవాలను, హారాలను విడివిడిగా కూడి 4/9 అని రాసేవారు కొందరుంటారు. దానిని వెంటనే కొట్టివేయకుండా, "3/5 సగం కంటే ఎక్కువా, తక్కువా? మరి 4/9?" అని అడిగితే, కూడిన తరువాత విలువ తగ్గిందని వారే గమనిస్తారు. ఇటువంటి ప్రశ్నలు అప్పటికప్పుడు తట్టవు కనుక, రాగల తప్పులను ఊహించి ప్రణాళికలోనే రాసుకోవాలి.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా ప్రణాళికలో భాగమే. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లకు మించి ఆగినప్పుడు జవాబులు విస్తృతంగా ఉంటున్నాయనీ మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలి పరిశోధనల్లో తేలింది. ఎక్కడైనా చిక్కుకుంటే ముందు చేసి చూపిన లెక్కను, తరువాత తన నోటుపుస్తకాన్ని, ఆపైన పక్కవారిని, చివరగా ఉపాధ్యాయుణ్ణి ఆశ్రయించాలన్న వరుసను బోర్డు మీద ఉంచాలి.

అయితే, కొత్త విషయాన్ని మొదటి రోజే పూర్తిగా పిల్లలకు వదిలేయడం స్వేచ్ఛ అనిపించుకోదు. ఏమీ తెలియనివారికి పూర్తిగా చేసి చూపిన ఉదాహరణలే మేలు చేస్తాయి, విషయం పట్టుబడినవారికి అవే అడ్డమవుతాయి. తరగతి నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన నేర్చుకుంటున్నట్లూ కాదు. బోర్డు మీది లెక్కను దించుకోవడం కూడా నిశ్శబ్దంగానే జరుగుతుంది.

చివరి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి, తాము చేయగలిగినదీ, ఆగిపోయిన చోటూ చీటీ మీద రాయించాలి. ఎక్కువమంది ఒకే మెట్టు దగ్గర ఆగి ఉంటే, మరుసటి పాఠం ఆ మెట్టును మళ్లీ చేసి చూపడంతో మొదలవ్వాలి; లేకుంటే నేరుగా సూచన లేని లెక్కతోనే మొదలుపెట్టవచ్చు.