టురాకోని చూడాలంటే పిట్టని కాదు, చెట్టుని వెతకండి

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్క్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది సింహాన్నీ ఏనుగునీ చూసుకుని వచ్చేస్తారు, నెత్తి మీద కొమ్మలోనే పర్పుల్ క్రెస్టెడ్ టురాకో అనే ఊదా జుట్టు పిట్ట కూర్చున్నా తెలీదు. దాని వెంట పడితే దొరకదండి. పండ్లున్న చెట్టు పట్టుకున్నారంటే సగం పని అయిపోయినట్టే.

సాబీ నది ఒడ్డున స్కుకుజా క్యాంప్‌తో మొదలుపెట్టండి. పార్క్ రోడ్ల మీద కారు దిగకూడదు, క్యాంప్ లోపలైతే హాయిగా నడవొచ్చు. నది వారన సికమోర్ అత్తి చెట్లుంటాయి, మేడి చెట్టుకి కాసినట్టే కాయలు మొదలుకీ లావు కొమ్మలకీ గుత్తులు గుత్తులుగా కాస్తాయి. అన్నీ పచ్చికాయలే ఉంటే ఆ చెట్టు వదిలేసి ఇంకోటి చూడండి. కింద కొరికి పడేసిన పండ్లున్నా, పైన పచ్చ పావురాలో కోతులో మేస్తున్నా ఇక అక్కడే కూర్చోవచ్చు.

తెల్లారేసరికల్లా చెట్టు దగ్గర ఉండాలి. ముందు వినండి, "కొక్ కొక్ కొక్" అని గొంతు లోపలి నుంచి మొదలై పోనుపోను గట్టిగా అవుతుంది. ఫోన్‌లో దాని కూత పెట్టి పిలవడం మాత్రం దయచేసి వద్దు, తిండి మానేసి శత్రువు కోసం వెతుక్కుంటుంది పాపం.

ఆకుల నీడలో రంగు కోసం చూస్తే మోసపోతారు, నల్లగానే కనిపిస్తుంది. కదలిక చూడండి. ఇది కొమ్మ మీద ఉడతలా పరిగెడుతుంది, కాలి బయటి వేలు ముందుకీ వెనక్కీ తిరుగుతుంది కాబట్టి పట్టు జారదు. వెలుతురు పడ్డప్పుడు తల మీద ఊదా మెరుపు, కంటి చుట్టూ ఎర్ర వలయం, ఆకుపచ్చ రొమ్ము తెలుస్తాయి. జుట్టు కొసన తెలుపు, కంటి కింద తెల్ల గీత ఉంటే అది నిస్నా టురాకో, ఒళ్ళంతా బూడిద రంగైతే దీని చుట్టమే అయిన గో-అవే బర్డ్.

కొమ్మ చివరికి పరిగెత్తి ఆగిందంటే కెమెరా రెడీగా పెట్టుకోండి, పక్క చెట్టుకి ఎగరబోతోందన్నమాట. రెక్కలు విప్పగానే అప్పటిదాకా దాచుకున్న ఎరుపు ఒక్కసారి భగ్గుమంటుంది, ఆ రెండు సెకన్ల కోసమే ఇంత కూర్చోవడం! ఆ ఎరుపు పేరు టురాసిన్, అందులో నిజంగానే రాగి ఉంటుంది, టురాకోల కుటుంబంలో తప్ప ఇంకే పక్షిలోనూ ఈ రంగు లేదు. పొరుగునే ఉన్న ఎస్వాతిని (పాత పేరు స్వాజిలాండ్) దేశానికి ఇదే జాతీయ పక్షి, అక్కడ రాజకుటుంబం వాళ్ళు తలలో పెట్టుకునే ఎర్ర ఈకలు దీనివే.

తినేటప్పుడు గమనించండి, చిన్న పండ్లని కొరకదు, గుటుక్కున మింగేస్తుంది, గింజలు తర్వాత ఎక్కడో దూరంగా రెట్టతో పడి మొలుస్తాయి. పుల్లలతో పల్చగా అల్లిన గూడు కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్ళకండి, లోపల 2 లేదా 3 గుడ్లు ఉండొచ్చు.

పిట్ట ఎగిరిపోయిందని లేచి వచ్చేయకండి. చెట్టు మీద పండ్లు ఉన్నన్నాళ్ళూ మళ్ళీ వస్తుంది.