పాత క్యాంపర్ వ్యాన్‌లో వాటర్ హీటర్ కారుతోందా? వాల్వ్ కొనే ముందు ఇది చూడండి

అమెరికాలో పాత క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) కొన్న మనవాళ్ళ నుంచి వేసవి రాగానే ఒకటే ఫోను. "అన్నా, హీటర్ కారుతోంది, ట్యాంకు పోయినట్టుంది, కొత్తది ఎంతవుతుంది?" నేనూ ఎప్పుడూ ఒకటే అడుగుతాను. చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతోందా, వేడెక్కాకే కారుతోందా? అవతల మౌనం. ఈ ఒక్కటి చూసుకుంటే సగం ఖర్చు తప్పుతుంది, దయచేసి చూడండి.

నేను చెప్పేది వ్యాన్ పక్కన చిన్న తలుపు వెనక ఉండే ఆరు గ్యాలన్ల గ్యాస్ హీటర్ గురించి. మన లెక్కలో దాదాపు 23 లీటర్లు. పాత బండ్లలో ఎక్కువగా సబర్బన్ కంపెనీవి గానీ ఆట్‌వుడ్ కంపెనీవి గానీ ఉంటాయి.

ముందు హీటర్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. తలుపు తీసి లోపలంతా గుడ్డతో పొడిగా తుడవండి. పైన రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకుని నీళ్ళు వదిలే సేఫ్టీ వాల్వ్) మూతి దగ్గర, కింద ట్యాంకు ఖాళీ చేసే డ్రెయిన్ ప్లగ్ దగ్గర, వ్యాన్ లోపలి వైపు పైపులు కలిసే చోట తలా ఒక టిష్యూ పెట్టి, పంపు వేసి అరగంట ఆగండి. తర్వాత హీటర్ వెలిగించి మళ్ళీ చూడండి. ఏ టిష్యూ ఎప్పుడు తడిసిందో అదే జవాబు.

చల్లగా ఉన్నప్పుడే తడిస్తే

ప్లగ్ దగ్గరైతే సులువు. ఆట్‌వుడ్‌కి ఉండేది ప్లాస్టిక్ ప్లగ్, మరలు అరిగిపోతాయి, కొత్తది వేయండి. సబర్బన్‌లో ఆ ప్లగ్‌కే యానోడ్ రాడ్ ఉంటుంది, ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగే కడ్డీ అది. ప్రెషర్ మొత్తం వదిలాకే విప్పండి. రాడ్ ముప్పావు వంతు కరిగిపోయి ఉంటే మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. వెనక వైపు తడిస్తే ఫిట్టింగులు, బైపాస్ వాల్వులు (నీళ్ళు హీటర్‌లోకి పోకుండా పక్కనుంచి మళ్ళించేవి) చూడండి. అన్ని జాయింట్లూ పొడిగా ఉండి అడుగున మాత్రం నీళ్ళు చేరుతుంటే, ట్యాంకే పోయిందన్నమాట, చాలాసార్లు చలికాలంలో నీళ్ళు తీయకుండా వదిలేస్తే గడ్డకట్టి పగులుతుంది. అప్పుడే కొత్త హీటర్ మాట.

వేడెక్కాకే రిలీఫ్ వాల్వ్ నుంచి కారితే

నన్ను బాగా ఏడిపించింది ఇదే. వ్యాన్ కొన్న మొదటి వేసవిలో రెండు వాల్వులు మార్చాను. కొత్త వాల్వ్ కూడా ఇరవై నిమిషాలు కాగానే చుక్క చుక్కగా మొదలుపెట్టేది. మూడోది కొనబోతూ మాన్యువల్ తీశాను. విషయమంతా అందులోనే ఉంది.

నీళ్ళు కాగితే పెరుగుతాయి. 10 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు వచ్చేసరికి ఆ ట్యాంకులో మూడు వందల యాభై మిల్లీలీటర్లకు పైనే ఎక్కువవుతాయి. ఆ నీళ్ళు వెనక్కి పోకుండా పంపు దగ్గర, హీటర్ దగ్గర చెక్ వాల్వులు (నీళ్ళను ఒకవైపే పోనిచ్చేవి) అడ్డం ఉంటాయి. అందుకే ట్యాంకు పైభాగంలో కొంచెం గాలి ఉండాలి. నీళ్ళు పెరిగినప్పుడు ఆ గాలే నొక్కుకుని చోటిస్తుంది. వాడుతూ ఉంటే ఆ గాలి మెల్లగా నీళ్ళలో కరిగిపోతుంది. ఇక చోటు లేక ప్రెషర్ 150 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలిచే లెక్క) దాకా పోతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. అంటే వాల్వ్ తన పని తాను సరిగ్గా చేస్తోంది. పోయింది గాలి.

గాలిని మళ్ళీ నింపడానికి పది నిమిషాలు చాలు. హీటర్ ఆపండి. వేడినీళ్ళ కుళాయి తిప్పి చల్లటి నీళ్ళు వచ్చేదాకా వదలండి. ఇది మాత్రం దాటేయకండి, లేకపోతే చేతులు కాలతాయి. తర్వాత పంపు ఆపి, బయటి నుంచి పైపు పెట్టి ఉంటే అదీ కట్టేయండి. వేడినీళ్ళ కుళాయి తెరిచే ఉంచి, రిలీఫ్ వాల్వ్ లివర్ ఎత్తండి. ముందు నీళ్ళు జోరుగా వస్తాయి, తర్వాత సన్నబడి ఆగిపోతాయి. పూర్తిగా ఆగాక లివర్‌ను టక్కున వదిలేయండి. కుళాయి కట్టి, పంపు వేసి, మళ్ళీ కాచి చూడండి.

ఇంకా కారుతుంటే వాల్వ్ సీటు మీద, అంటే లోపల మూత ఆనే చోట, నీళ్ళలోని ఉప్పు పేరుకుని ఉండొచ్చు. హీటర్ చల్లగా ఉన్నప్పుడు లివర్‌ను రెండు మూడుసార్లు ఎత్తి వదిలితే చాలాసార్లు కొట్టుకుపోతుంది. అప్పటికీ ఆగకపోతే అప్పుడు మార్చండి. కొత్తది పాతదాని రేటింగే ఉండాలి. కొన్ని నెలలకు మళ్ళీ చుక్కలు మొదలైతే కంగారు పడకండి, గాలి మళ్ళీ కరిగింది అంతే.

చుక్కలు ఆపడానికి ఆ మూతికి ప్లగ్ బిగించిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. చూడగానే గుండె ఆగినంత పనైంది. సేఫ్టీ వాల్వ్ మూసేసి కుక్కర్ స్టవ్ మీద పెడతామా? పిల్లలు పడుకునే మంచం ఆ హీటర్‌కి జానెడు దూరంలో ఉంది.

క్యాంప్‌గ్రౌండ్ కుళాయికి పెడితేనే కారి, సొంత పంపుతో కారకపోతే అక్కడి ప్రెషర్ ఎక్కువ. ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ తగిలించండి. ఇక చుక్కలు కాకుండా ఆవిరి, మరిగే నీళ్ళు చిమ్మితే థర్మోస్టాట్ పోయినట్టు. అది అరుదు, కానీ గ్యాస్ వెంటనే కట్టేసి తెలిసిన మెకానిక్‌కి చూపించేదాకా మళ్ళీ వెలిగించకండి.