ఊరు కాని ఊళ్లో పాత బేస్‌బాల్ కార్డుల షాపు వెతకడం

మా నాన్నగారు విశాఖ మల్కాపురంలో కాల్టెక్స్ రిఫైనరీలో పనిచేసేవారు. ఇప్పుడు అందరూ హెచ్‌పీసీఎల్ అంటారు గానీ, 1957లో మొదలైనప్పుడు అది అమెరికన్ కంపెనీది. 1976లో ప్రభుత్వం తీసుకుంది. అక్కడ రెండు మూడేళ్లు ఉండి వెళ్లిపోతున్న ఒక అమెరికన్ ఇంజినీరు సామాను సర్దుకుంటూ, తన కొడుకువి పదకొండు బేస్‌బాల్ కార్డులు, అంటే ఆ ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన అట్టముక్కలు, నాన్నగారి చేతిలో పెట్టాడట. పిల్లలు ఆడుకుంటారని ఇచ్చాడు. నాన్నగారు మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. బిస్కెట్ డబ్బాలో వేపాకు వేసి దాచారు.

అవన్నీ 1957లో టాప్స్ కంపెనీ వేసినవి. ఆ ఏడాది సెట్‌లో మొత్తం 407 కార్డులు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడల్లా మిగతావాటి కోసం తిరుగుతున్నాను. నాలుగు ప్రయాణాలకి లెక్క 163కి వచ్చింది. పిల్లల దగ్గరికి వెళ్లి మూడు నెలలు కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోలేని వాళ్లకి నా అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది ఒకటే: షాపుకి ఫోన్ చేయకుండా బయలుదేరకండి. మొదటిసారి మ్యాప్‌లో 'స్పోర్ట్స్ కార్డ్స్' అని కనిపించిందని మా అల్లుడు పాపం సెలవు పెట్టి రెండు గంటలు కారు నడిపాడు. తీరా చూస్తే షాపు నిండా పోకెమాన్ కార్డులు, ఈ ఏడాది కొత్త ప్యాకెట్లు. పాతది ఒక్కటీ లేదు. అందులో షాపువాళ్ల తప్పేమీ లేదు. కార్డుల షాపుల్లో చాలావాటికి ఇప్పుడు అవే బేరం.

అందుకని వెతకడం ఇంటి దగ్గరే, విశాఖలో ఉండగానే మొదలుపెడతాను. అమ్మాయి ఉండే ఊరి పేరుతో పాటు 'వింటేజ్ బేస్‌బాల్ కార్డ్స్' అని మ్యాప్‌లో కొట్టి, రేటింగ్ కంటే ముందు జనం పెట్టిన ఫొటోలు చూస్తాను. రంగురంగుల సీల్ పెట్టెలు గోడ నిండా ఉంటే అది కొత్త సరుకు షాపు. గాజు బీరువాలో విడి కార్డులు, వెనకాల పొడుగాటి తెల్ల అట్టపెట్టెల వరసలు కనిపిస్తే ఆ నంబరు రాసుకుంటాను. అక్కడ షాపు పదకొండింటికి తెరిస్తే వేసవిలో మనకి రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. భోజనాలయ్యాక తీరిగ్గా మాట్లాడొచ్చు. "డూ యూ హ్యావ్ ఓల్డ్ కార్డ్స్" అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే అంటారు. 1990 నాటివి కూడా వాళ్లకి పాతవే మరి. 1980ల చివర్లో, 90ల మొదట్లో కార్డులు గుట్టలుగా అచ్చయ్యాయి, వాటికి ఇప్పటికీ పెద్ద ధర లేదు. సంవత్సరం చెప్పి అడగండి. నేనైతే "1957 టాప్స్ కామన్స్ ఉన్నాయా, నంబర్ల వరసలో ఉన్నాయా" అంటాను. కామన్స్ అంటే పెద్ద పేరు లేని ఆటగాళ్ల కార్డులు. ఈ ప్రశ్నతో అవతలి మనిషి గొంతు మారితే సరైన చోటికే ఫోన్ చేశామన్నమాట. ఏ రోజు సెలవో కూడా అప్పుడే కనుక్కోండి. చాలా షాపులు సోమవారం తెరవవు.

షాపు దొరక్కపోతే ఆంటిక్ మాల్స్‌లో చూడండి. ఒకే కప్పు కింద పదుల మంది తలా ఒక అర పెట్టుకుని పాత సామాను అమ్ముతారు. ఆదివారాలు హోటల్ హాళ్లలోనో, ఫైర్ స్టేషన్ హాళ్లలోనో కార్డ్ షోలు జరుగుతుంటాయి. నాకు అన్నిటికంటే అవే ఇష్టం. ఒక్కో బల్ల వెనక ఒక్కో పెద్దాయన ఉంటాడు, చిన్నప్పటి కబుర్లతో సహా. పొద్దున్నే వెళ్తే ఎంచుకోవడానికి ఎక్కువ ఉంటాయి, సర్దుకునే వేళకి వెళ్తే ధర దిగుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియం ఉంది, 1939 నుంచీ. ఆ ఊరి మెయిన్ స్ట్రీట్ మీద కార్డుల షాపులు కూడా ఉన్నాయి. తప్పక చూడండి, కానీ యాత్రాస్థలం కదా, కామన్స్ మాత్రం వేరేచోట కొనుక్కోండి.

షాపులోకి కాగితం మీద రాసిన లిస్టుతో వెళ్లండి. నా దగ్గర లేని నంబర్లన్నీ వరసగా రాసుకుని, దొరికిందాన్ని దొరికినట్టు కొట్టేస్తాను. 57 సెట్‌లో 265 నుంచి 352 వరకు తక్కువగా దొరుకుతాయి. అవి కనిపిస్తే ముందు వాటికే డబ్బు పెడతాను. కార్డుని అంచులు పట్టుకునే చూడాలి, కవర్‌లోంచి తీయాలంటే అడిగి తీయాలి. మన పూర్ణా మార్కెట్ బేరం అక్కడ చెల్లదు. పదో పదిహేనో కార్డులు ఒకచోట పెట్టి, అన్నీ కలిపి ఎంతకిస్తారని మర్యాదగా అడిగితే చాలాసార్లు తగ్గిస్తారు. నగదైతే ఇంకొంచెం. మాట కలపడానికి పేరుమోసిన ఆటగాడు హ్యాంక్ ఆరన్ కార్డు గురించి అడగండి. ఆయన కుడిచేతి బ్యాటర్. 20వ నంబరు కార్డులో నెగెటివ్ తిరగబడి ఎడమచేతివాడిలా అచ్చయ్యాడు. దాని గురించి ఒక ఆడమనిషి, అదీ వైజాగ్ నుంచి వచ్చి అడిగిందని ఒక షాపాయన లోపలి గదిలోంచి ఇంకో పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ఆ రోజు 22 కార్డులు కొన్నాను.

గ్రేడింగ్ కంపెనీలు ఒకటి నుంచి పది వరకు మార్కులేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన కార్డులూ ఉంటాయి. ఖరీదైన కార్డయితే అలాంటిదే కొనండి. సెట్ పూర్తి చేయాలనుకునేవాళ్లకి కామన్స్ అలా అక్కర్లేదు. మూలలు అరిగి, మధ్యలో చిన్న మడత ఉన్న కార్డు చాలా తక్కువకి వస్తుంది. పైగా దాన్ని ఏ పిల్లాడో జేబులో పెట్టుకుని తిరిగాడని నాకు ముచ్చటగా ఉంటుంది.

నకిలీల సంగతి కొంచెం జాగ్రత్త. కురుపాం మార్కెట్‌లో కంసాలి పనిముట్లు అమ్మేచోట కొన్న భూతద్దం నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ ఉంటుంది. అసలు కార్డులో బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నల్ల అక్షరాలు మాత్రం నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి అచ్చేసినదాంట్లో అక్షరాల్లోనూ చుక్కలే. చిన్న స్కేలు కూడా పెట్టుకోండి. 57 నుంచి టాప్స్ కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. అరిగిన అంచు కనబడకుండా కత్తిరించినవి ఉంటాయి. అలాంటిదొకటి నేను కొలవకుండా కొన్నాను, ఇంటికొచ్చి పక్కన ఇంకోటి పెట్టాక తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు ఒక్కో కార్డునీ మెత్తటి కవర్‌లో వేసి, గట్టి ప్లాస్టిక్ టాప్‌లోడర్‌లో పెట్టి, హ్యాండ్ లగేజీలోనే తెచ్చుకోండి. రబ్బరు బ్యాండు వేయొద్దు, అంచుల్లో గాటు పడుతుంది. విశాఖకి వచ్చాక అసలు శత్రువు మన సముద్రపు తేమ. లాసన్స్ బే కాలనీలో మా ఇంట్లో బయటి గోడకి ఆనించిన బీరువాలో పెడితే ఒక్క వానాకాలానికే కార్డులు విల్లులా వంగాయి. ఇప్పుడు మధ్య గదిలో, మూత గట్టిగా పట్టే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి పొట్లాలు మారుస్తాను. వేపాకు మానేశాను. నాన్నగారు వేసిన ఆకు ఎండి, గిల్ హాడ్జెస్ అనే ఆటగాడి కార్డు వెనక గోధుమరంగు మరక వదిలింది. ఆ కార్డు బదులు ఇంకోటి ఇస్తానని ఒక షాపాయన అన్నాడు గానీ, నేను మార్చుకోలేదు.